నలభై దాటాక నడక ఎందుకు మొదలవదు, మొదలైనా ఎందుకు ఆగిపోతుంది: గోదావరి డెల్టా నుంచి ఒక విశ్లేషణ

క్లుప్తంగా

నడివయసులో బరువు తగ్గే పని మొదలుపెట్టలేకపోవడాన్ని బద్ధకం కింద జమకట్టేస్తే అసలు కారణాలు కనపడవు. గోదావరి డెల్టాలో గత కొన్ని దశాబ్దాల్లో ఒంటి శ్రమ పనిలోంచి తప్పుకుంది, కంచం మాత్రం పెద్దగా మారలేదు. డాక్టరు పెట్టిన భయం కొన్ని వారాలు పనిచేస్తుంది, ఆలోపు కాటా మీద అంకె కదలదు, దాంతో మనసు జారిపోతుంది. ఉత్సాహం పుట్టాక కదులుదాంలే అని ఆగేవాళ్ళు ఆగిపోతూనే ఉంటారు. చాలామందిలో ముందు కదలిక, ఆ తర్వాతే ఉత్సాహం. రోజులో ఏ వేళ, ఎవరితో, ఏ కొలతతో అన్నవి ముందే తేల్చుకుంటే ఆ మొదటి కదలిక తేలికవుతుంది.

రిపోర్టు వచ్చిన రాత్రి

డెల్టాలో ఈ వ్యవహారం ఎక్కువగా ల్యాబ్ రిపోర్టుతో మొదలవుతుంది. పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, టిఫిన్ చేసి రెండు గంటలాగి మళ్ళీ ఇస్తే, సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది. షుగర్ బోర్డర్‌లో ఉంది, లివర్‌లో కొవ్వుంది, బరువు తగ్గాలి. ఆ రాత్రి ఇంట్లో "ఏవండీ, రేపట్నుంచి ఇద్దరం నడుద్దాం" అన్న మాట వస్తుంది. మర్నాడు నిజంగానే నడుస్తారు, వారం పది రోజులూ నడుస్తారు. ఆ తర్వాత ఒక పెళ్ళి, ఒక జ్వరం, రెండ్రోజుల ముసురు. ఇక ఆరు నెలల తర్వాత ఇంకో రిపోర్టు వచ్చేదాకా నడక ఊసే ఉండదు.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో అయితే వాళ్ళ స్వభావం అనుకోవచ్చు, కానీ లెక్కలు అలా లేవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1 శాతం ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారు. దేశం మొత్తం మీద అవే అంకెలు 24, 22.9. గోదావరి జిల్లాల విషయానికొస్తే హెచ్చరిక అంతకంటే చాలా ముందే వచ్చింది. 2003-04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో తూర్పు, పశ్చిమ గోదావరుల్లోని 45 ఊళ్ళలో మరణాల కారణాలు సేకరిస్తే, సుమారు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. పల్లెటూళ్ళలో జనం ఎక్కువగా అంటురోగాలతో పోతారన్న నమ్మకాన్ని కదిలించిన లెక్క అది. అదే ప్రాంతంలో 30 ఏళ్ళు దాటినవాళ్ళని పరీక్షిస్తే సుమారు 13 శాతం మందికి షుగర్ ఉంది, వాళ్ళలో సగం మందికి తమకు షుగర్ ఉన్న సంగతే తెలియదు. అప్పటికి ఈ ఊళ్ళలో చేతికో స్మార్ట్‌ఫోన్ గానీ, ఫోన్ చేస్తే ఇంటికొచ్చే బిర్యానీ గానీ లేవు. కాబట్టి తప్పంతా వాటి మీదకి నెట్టడం కుదరదు.

పని మారింది, కంచం మారలేదు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద పంట నిలకడైంది, తర్వాత్తర్వాత సార్వా, దాళ్వా రెండు పంటలూ అన్నానికి లోటు లేకుండా చేశాయి. ఆ అన్నం తిన్న ఒళ్ళు అప్పట్లో ఊరికే కూర్చోలేదు. దుక్కి, నారు మోయడం, నడుం వంచి ఊడ్పులు, గట్లు చెక్కడం, కోతలు, కుప్పనూర్పిళ్ళు, ఇంట్లో రుబ్బురోలు, రేవు నుంచి బిందెలతో నీళ్ళు. పొలం గల రైతు కూడా రోజుకి రెండుసార్లు గట్టు మీద నడిచి చేను చూసొచ్చేవాడు. ఇప్పుడు ట్రాక్టరు దున్నుతుంది, వరికోత మిషన్ కోస్తుంది, చేలోకి వెళ్ళాలంటే పుంత దాకా బండి మీద వెళ్ళి అక్కణ్ణుంచి చూసి వచ్చేస్తారు. మిక్సీ, గ్రైండరు, కుళాయి, గ్యాసు ఆడవాళ్ళ నడుం విరిగే చాకిరీని తగ్గించాయి, అది మంచి మార్పే, మళ్ళీ ఆ రోజులు రావాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు. కాకపోతే ఆ పనుల్లో కరిగిపోయిన శక్తికి సరిపడా అన్నం తినే అలవాటు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

దీని పరిమాణం అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది. వంద గ్రాముల ఉడికిన అన్నం సుమారు 130 కేలరీలు. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేదీ ఇంచుమించు అంతే. అంటే భోజనంలో మారు వడ్డనకి ఒక గరిటెడు ఎక్కువ వేసుకుంటే పొద్దున్న నడకంతా దాంతో చెల్లుకు చెల్లు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. నెల రోజులు నడిచినా బరువు తగ్గలేదని నిరాశపడేవాళ్ళు ఏదో తప్పు చేశారని కాదు, ఆ లెక్క వాళ్ళకి ఎవరూ ముందే చెప్పలేదు. బరువు తగ్గడంలో పెద్ద వాటా తిండిది. తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా నిలబెట్టడంలో, షుగర్, బీపీ, నిద్ర బాగుపడడంలో వ్యాయామానిది పెద్ద వాటా. ఈ రెండు పనుల్నీ కలిపేసి నడకని కాటాతో కొలవడం వల్లే చాలామంది మానేస్తున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలోని దేశవ్యాప్త అధ్యయనంలో భారతీయుల కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది. పక్కనే చెరువు, కాలువ, సముద్రం ఉన్న డెల్టాలో చేపకి, రొయ్యకి కొరత లేదు, గుడ్లకీ కొరత లేదు. కొరతల్లా కంచంలో వాటికిచ్చే చోటుకే. కూర, పప్పు, చేప నంజుకోవడానికి అన్నట్టు, అన్నం కడుపు నింపడానికి అన్నట్టు వడ్డించుకునే పద్ధతి బలంగా ఉంది.

చెరువు రైతుకి తెల్లవారుజాము ఖాళీ ఉండదు

వ్యాయామం గురించి ఎవరు చెప్పినా ముందు చెప్పే మాట "పొద్దున్నే అయిదింటికి లేవండి" అన్నదే. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల ఈ సలహా ఎందుకు పారదో రొయ్యల చెరువు గట్టు మీద ఒక రాత్రి గడిపితే తెలుస్తుంది. చెరువు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుండేది తెల్లవారేముందే. రాత్రంతా నాచు, రొయ్యలు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ పడేదాకా కొత్తది తయారవదు. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే పంట మొత్తం పోవచ్చు. అందుకని రైతో, కాపలా మనిషో రెండింటికి, నాలుగింటికి లేచి జనరేటర్ చూసుకుంటూ, టార్చి లైటు వేసి రొయ్యలు పైకి తేలుతున్నాయేమో చూస్తూ ఉంటారు. నిద్ర ముక్కలైపోతుంది. పగలు కునుకు, మధ్యలో టీలు, సాయంత్రం సెంటర్లో వేడివేడి పునుగులు.

నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ తగ్గుతుంది, వేపుళ్ళ మీదకీ తీపి మీదకీ మనసు పోతుంది. ఇలాంటి మనిషిని తెల్లవారుజామున వాకింగ్‌కి రమ్మనడం అంటే ఉన్న కాస్త నిద్రనీ తగ్గించుకోమనడమే. ఆయనకి సరిపడే వేళ మేతలయ్యాక సాయంత్రం, లేదా చెరువు గట్టు చుట్టూ బండి పక్కనపెట్టి నడిచే పావుగంట. ఇంటి ఇల్లాలి లెక్క వేరు. అయిదు నుంచి తొమ్మిది దాకా పాలు, టిఫిన్లు, కాలేజీ క్యారేజీలు, ఆ పైన పెద్దవాళ్ళ మందులు. ఆమెకి ఖాళీ దొరికేది పదిన్నరకో మధ్యాహ్నం మూడింటికో, అప్పుడు బయట ఎండ మండిపోతుంటుంది. ఆ వేళకి డాబా కింద నీడలోనో, హాల్లోనో చేసుకోగల కసరత్తే ఆమెకి వ్యాయామం. వేళ కుదరక మానేసిన మనిషిని పట్టుదల లేని మనిషి అనడం అన్యాయం. సలహాలన్నీ నెలజీతం ఉద్యోగి రోజుని చూసి రాసినవే.

కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్ళ, వలుపు కార్మికుల సంగతి దీనికి పూర్తిగా వేరు. వాళ్ళకి కావలసింది విశ్రాంతి, మోకాలికీ భుజానికీ సరైన వైద్యం.

వయసు వాటా ఎంత

"నలభై దాటితే మెటబాలిజం పడిపోతుందండీ, ఏం చేసినా తగ్గం" అన్న మాట దాదాపు అందరూ నమ్ముతారు. అమెరికా శాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం 2021లో 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల ఒంటి శక్తి ఖర్చుని, అంటే ఈ మెటబాలిజాన్నే, విశ్లేషించి ప్రచురించింది. ఒంటి పరిమాణాన్ని, కండని లెక్కలోకి తీసుకుని చూస్తే 20 నుంచి 60 ఏళ్ళ దాకా ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది, తగ్గుదల మొదలయ్యేది 60 దాటాకే. నిజంగా తగ్గేది కండ. ముప్పై దాటాక వాడకపోతే పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా కండ పోతుందని అంచనా, కండ పోతే శక్తి ఖర్చూ తగ్గుతుంది. అంటే వయసు మీద వేస్తున్న నేరంలో చాలా భాగం కదలకపోవడానిది. ఇది నిజానికి మంచి వార్త. వయసుని ఆపలేం గానీ కండని యాభైలోనూ పెంచుకోవచ్చు.

ఆడవాళ్ళలో ముట్లు ఆగే వయసు మన దేశంలో సగటున 46, 47 దగ్గర ఉంటుంది. ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ కొవ్వు తుంటి నుంచి పొట్టకి మళ్ళుతుంది, నిద్ర చెడుతుంది, ఒళ్ళంతా వేడి సెగలు వస్తాయి. బరువు పెద్దగా పెరగకుండానే నడుము పెరిగిపోవడం ఈ దశలో మామూలు. థైరాయిడ్ ఉందేమో చూపించుకోవాల్సిందే, కానీ రిపోర్టులో అంతా బాగుండి కూడా పొట్ట పెరిగితే ఆమె ఏదో దాస్తోందని అనుకోనక్కర్లేదు.

భయం ఎందుకు నిలవదు

ప్రేరణ మీద పరిశోధన చేసినవాళ్ళు దాన్ని రెండు రకాలుగా చూస్తారు. బయటి నుంచి వచ్చేది ఒకటి: డాక్టరు కోప్పడ్డారనో, అమ్మాయి పెళ్ళి ఫోటోల్లో పొట్ట కనపడుతుందనో. లోపలి నుంచి వచ్చేది రెండోది: చేస్తుంటే బాగుందనో, చేయగలుగుతున్నాననో, నా ఇష్టంతో చేస్తున్నాననో. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ దశాబ్దాల పాటు చేసిన పని సారాంశం ఏమిటంటే మొదటి రకం మొదలుపెట్టించగలదు, ఎక్కువ కాలం నిలబెట్టేది రెండో రకమే. గుండెపోటు భయం అచ్చంగా మొదటి రకం. పక్కింటాయనకి స్టెంట్ వేశారన్న కబురు వారం రోజులు వీధి వీధిని నడిపిస్తుంది. ఆయన ఇంటికొచ్చి మామూలుగా తిరగడం చూశాక భయం తగ్గుతుంది, దాంతో పాటే నడకా తగ్గుతుంది.

ఇంకో చిక్కు ప్రతిఫలం ఆలస్యంగా రావడం. పూతరేకు నోట్లో పెట్టుకున్న క్షణమే సుఖం, నడక ఇచ్చే లాభం నెలల తర్వాత. పైగా కాటా ఏ రోజుకారోజు నిజం చెప్పదు. నిన్న రాత్రి ఆవకాయ, అప్పడాలు గట్టిగా తింటే వాటిలోని ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి, కొవ్వు మాత్రం గ్రాము కూడా మారి ఉండదు. రోజూ పొద్దున్నే ఆ అంకె చూసి మనసు పాడుచేసుకునేవాళ్ళు చాలామంది.

అలవాటు పడడానికి 21 రోజులు చాలన్న ప్రచారం కూడా చెడే చేస్తోంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే దశకి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. కసరత్తులాంటి శ్రమ ఉన్న అలవాట్లకి ఎక్కువ కాలమే పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే మాత్రం పెద్ద నష్టం కనపడలేదు. ఇరవై రెండో రోజున కూడా ఒళ్ళు లేవనంటే అది ఓటమి కాదు, ఇంకా మూడో వంతు దారిలోనే ఉన్నట్టు లెక్క.

ఈ తొందర వల్లే డైట్ కెరటాలు వస్తుంటాయి. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ తెలుగు జిల్లాల్లో ఊరూరా పాకింది. అన్నం పూర్తిగా మానేసి కొవ్వు మీద నడిచే పద్ధతి కావడంతో మొదటి వారాల్లోనే కాటా గట్టిగా కదులుతుంది, అందులో కొంత నీటి బరువు. ఆ తొలి వేగమే జనానికి ఉత్సాహం ఇచ్చింది, అది తేలిగ్గా తీసిపారేయాల్సిన సంగతి కాదు. ఇంటిల్లిపాదీ అన్నం తింటుంటే ఒక్కరు దాన్ని ఏళ్ళ తరబడి మానడం ఎంతమందికి సాధ్యం అన్నదే ప్రశ్న. 2025లో మన దేశంలో అమ్మకానికొచ్చిన టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ బరువు ఇంజెక్షన్లదీ దగ్గర దగ్గర ఇదే ప్రశ్న. అవి ఆకలిని నిజంగానే తగ్గిస్తాయి, అవసరమైనవాళ్ళకి డాక్టరు పర్యవేక్షణలో మంచి సాధనాలు. అయితే సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకి కసరత్తు ఇంకా ముఖ్యం.

నలుగురి మాట

డెల్టాలో సన్నబడడం అంత తేలిక కాకపోవడానికి నలుగురూ ఒక కారణం. ఆరు కిలోలు తగ్గి పెళ్ళికి వెళ్ళిన మనిషిని మొదట పలకరించేవాళ్ళు "ఏంటండీ బాబూ, అలా చిక్కిపోయారు, ఒంట్లో బాగుంటుందా?" అంటారు. షుగర్ ముదిరితే మనిషి చిక్కిపోతాడని అందరికీ తెలుసు, ఆ భయంతో ఆప్యాయంగానే అడుగుతారు. నలుగురు అలా అడిగేసరికి మెచ్చుకోలు దొరకాల్సిన చోట అనుమానం దొరుకుతుంది. వడ్డన దగ్గర ఇంకో పరీక్ష. "ఒక్క బూరె కదండీ, ఏమవుద్దండీ" అంటూ విస్తట్లో వేసేస్తే వద్దనడం మర్యాదకి లోటు. వద్దు అనే మాట కంటే "తర్వాత వేసుకుంటానండి" అనడం, ముందే పనసపొట్టు కూర, పప్పు ఎక్కువ వేయించుకుని చోటు లేకుండా చేసుకోవడం ఇక్కడ ఎక్కువ పనిచేస్తాయి. ఇంటికొచ్చే తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు వచ్చిన రోజే పదిమందికీ పంచేస్తే మర్యాద మిగులుతుంది, డబ్బా మిగలదు.

ఆడవాళ్ళకి రోడ్డు మీద నడవడమే ఒక సమస్య. ఏటిగట్టు మీద గానీ కాలువ గట్టు మీద గానీ లైట్లు తక్కువ, కుక్కలు ఎక్కువ, మోటారు సైకిళ్ళ జోరు. చీరకి బూట్లు వేసుకుంటే ఎవరైనా నవ్వుతారేమో అన్న జంకు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం కావలసినంత కదలడం లేదని 2024లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ చెప్పింది. ఆ 15 పాయింట్ల తేడాని ఆడవాళ్ళ ఇష్టాయిష్టాలకి వదిలేయడం సరికాదు, అందులో వీధి లైటు వాటా, ఇంటి చాకిరీ వాటా ఉన్నాయి. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే ఈ జంకు సగం పోతుంది. పంచాయతీలు హైస్కూల్ గ్రౌండ్‌ని పొద్దునా సాయంత్రం తెరిచి ఉంచి రెండు లైట్లు వేయిస్తే ఇంకాస్త పోతుంది.

మొదటి అడుగు ఎంత చిన్నదైతే అంత మంచిది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండ బలానికి కసరత్తు కావాలి. ఇది చేరాల్సిన చోటు. మొదటి రోజే ఇక్కణ్ణుంచి మొదలెట్టేవాళ్ళకి రెండో రోజు పిక్కలు పట్టేస్తాయి, నాలుగో రోజు మోకాలు. పదివేల అడుగుల అంకెకి కూడా అంత పవిత్రత లేదు. అది 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరం అమ్మకం కోసం పుట్టిన అంకె. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో 60 దాటినవాళ్ళకి ఆరు నుంచి ఎనిమిది వేల దగ్గరే లాభం దాదాపు నిలకడకి వచ్చేస్తోంది, ఏమీ నడవని మనిషి కొద్దిగా నడిచినప్పుడే అన్నిటికన్నా పెద్ద లాభం.

మొదలుపెట్టడానికి డెల్టా జీవితానికి బాగా అతికేది భోజనం తర్వాత నడక. న్యూజిలాండ్‌లో షుగర్ ఉన్నవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలో రోజుకి ఒకేసారి 30 నిమిషాలు నడిచినప్పటికంటే ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు నడిచినప్పుడు తిన్నాక పెరిగే షుగర్ సగటున 12 శాతం తక్కువుంది, రాత్రి భోజనం తర్వాతైతే తేడా ఇంకా ఎక్కువ. మన దగ్గర అన్నం ఎక్కువ పడేదీ, తిన్నాక వెంటనే పడుకునేదీ రాత్రే. చెయ్యి కడుక్కున్నాక డాబా మీదకో, వీధి చివరి రామాలయం దాకానో పది నిమిషాలు. దీనికి అలారం అక్కర్లేదు, బూట్లక్కర్లేదు, ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోనక్కర్లేదు, భోజనమే గుర్తు చేస్తుంది. "వీలున్నప్పుడు నడుస్తాను" అనుకున్నవాళ్ళకంటే "ఫలానా పని అవగానే ఫలానా చోట నడుస్తాను" అని ముందే ముడివేసుకున్నవాళ్ళు ఎక్కువగా చేసి చూపిస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999 నుంచీ చెబుతున్న సంగతి చాలా ప్రయోగాల్లో నిలబడింది.

కండ కోసం జిమ్ దాకా వెళ్ళలేనివాళ్ళకి కుర్చీ చాలు. చేతులు ఆనించకుండా కూర్చుని లేవడం, పది సార్లు. డైనింగ్ టేబుల్, మంచం, వెస్టర్న్ టాయిలెట్ వచ్చాక నేల మీద కూర్చుని లేచే పని రోజులోంచి పోయింది, తొడల బలం దాంతో పాటే పోయింది. మూడు వారాలు చేస్తే మెట్లెక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. ఉత్సాహం పుట్టేది ఇలాంటి చోట. కిలోలు కదలక ముందే ఆయాసం తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది, పరగడుపు షుగర్ కొంచెం దిగుతుంది. ఈ చిన్న గెలుపుల్ని గమనించే మనిషి కొనసాగుతాడు, కాటా ఒక్కదాన్నే చూసే మనిషి మానేస్తాడు.

కొలత విషయానికొస్తే నడుము టేపు కాటాకంటే నమ్మదగ్గది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. లుంగీ ముడి దగ్గరో బెల్టు దగ్గరో కొలిస్తే తప్పు అంకె వస్తుంది, ఎందుకంటే పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు పొట్ట కిందకి జారుతుంది, పదేళ్ళయినా అదే సైజు సరిపోతున్నట్టు అనిపిస్తుంది. మనవాళ్ళకి పెట్టిన హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80. బరువుని ఎత్తుతో పోల్చి చూసే బీఎంఐ 23 దాటగానే మనకి అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. పొట్టలో కొవ్వు చేరే తత్వం మనలో ఎక్కువ కాబట్టి ఈ హద్దులు పాశ్చాత్యుల కంటే తక్కువగా పెట్టారు. 30 దాటినవాళ్ళ వివరాలు రాసుకోవడానికి ఇంటికొచ్చే ఆశా కార్యకర్త దగ్గరున్న ఫారంలో నడుము కొలత, వారానికి 150 నిమిషాల కదలిక ఉందా లేదా అన్న ప్రశ్న రెండూ ఉంటాయి. ఆమె వచ్చినప్పుడు "తర్వాత చూద్దాంలే అమ్మా" అని పంపేయకుండా కొలిపించుకుంటే పైసా ఖర్చు లేకుండా మొదటి అంకె చేతిలో ఉంటుంది.

ఏ కాలంలో మొదలెట్టాలి

డెల్టాలో ఉక్క వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, గుండె వేగం పెరిగి అదే నడక రెట్టింపు కష్టంగా అనిపిస్తుంది. మే నెలలో మొదలుపెట్టిన మనిషి తనకి చేతకాదని తేల్చేసుకోవడానికి సగం కారణం ఇదే. ఆషాఢ, శ్రావణాల్లో వానలు, బురద. వాతావరణం, మనసు రెండూ కలిసొచ్చేది కార్తీకంలో. కొత్త సంవత్సరం, పుట్టినరోజు, పండగలాంటి మలుపుల దగ్గర జనం కొత్త పనులు ఎక్కువగా మొదలుపెడతారని 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపించింది. కార్తీకం అలాంటి మలుపే, పైగా తెల్లారి లేవడం, ఒంటిపూట భోజనం, ఉపవాసాలు ఇంటిల్లిపాదీ పాటించే నెల కావడంతో ఒక్కరే వేరుగా ఉండాల్సిన ఇబ్బంది ఉండదు. దీపావళి మర్నాటి నుంచి సంక్రాంతి దాకా ఏడాదిని బట్టి సుమారు తొమ్మిది నుంచి పన్నెండు వారాలు వస్తాయి, అంటే లాలీ లెక్కలోని 66 రోజులకి ఇంచుమించు సరిపడా వ్యవధి. సంక్రాంతి అరిసెలు, అల్లుళ్ళ విందులు వచ్చేసరికి అలవాటు కాస్త గట్టిపడి ఉంటుంది. ఆ నాలుగు రోజులూ తిండి కట్టుదిట్టం చేయడానికి ప్రయత్నించి బాధపడడం కంటే రాత్రి పది నిమిషాల నడక ఒక్కటీ వదలకపోవడం తెలివైన పని. కనుమ తర్వాత మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాల్సిన అవసరం రాదు.

మోకాళ్ళ నొప్పులు, మందులు ఉన్నవాళ్ళు

మోకాళ్ళు అరిగినవాళ్ళలో ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో ఒక అమెరికన్ అధ్యయనం లెక్కగట్టింది. కాబట్టి అయిదు కిలోలు కూడా చిన్న అంకె కాదు. నొప్పి ఎక్కువున్నవాళ్ళు నడక బదులు సైకిల్, కుర్చీలో కూర్చుని కాలు చాచి పట్టి ఉంచే కసరత్తు మొదలెట్టొచ్చు.

నడుస్తుంటే ఛాతీలో బరువుగా పట్టేసినట్టు ఉండడం, దవడలోకో ఎడమ చేతిలోకో నొప్పి పాకడం, మునుపు లేని ఆయాసం ఉంటే నడక ఆపి ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి, గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకూడదు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకి నడక పెరిగి అన్నం తగ్గేసరికి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే తినడానికి జేబులో గ్లూకోజ్ పొడో పంచదారో ఉంచుకోవాలి. అలా రెండుసార్లు జరిగితే డోసు తగ్గించాల్సిన అవసరం ఉందేమో డాక్టరుని అడగాలి, సొంతంగా మాత్ర మానేయకూడదు. కాళ్ళకి తిమ్మిర్లున్నవాళ్ళు చెప్పుల్లేకుండా గుడి చుట్టూ గానీ గడ్డి మీద గానీ నడవకుండా, ఇంటికొచ్చాక అరికాళ్ళు ఒకసారి వెలుగులో చూసుకోవాలి.